నుదుటి మీది నంబరు

మూత తియ్యొద్దన్నానా లేదా! సంతకం పెట్టు, పెట్టె తీసుకుని వెళ్ళు, అంతేగా చెప్పింది. ఇన్నేళ్ళలో ఈ గదిలో మూత తీసినవాళ్ళు లేరమ్మా. నువ్వే మొదలు.

సరే, తీశావు, చూడు. మీ తాతయ్య పుర్రె. నుదుటి మీద రెండు వందల పద్నాలుగు, నీ కాగితంలోనూ రెండు వందల పద్నాలుగు. ఇంకేం కావాలి?

నా వంక అలా చూస్తావేం? నేను తెచ్చానా? ఈ మ్యూజియం పెట్టిన పెద్ద డాక్టరుకి తలలు కొలిచే పిచ్చి. కూలివాడి తల ఎంత, ఖైదీ నుదురు ఎంత అని. దానికి శాస్త్రం అని పేరు! జైలు ఆస్పత్రిలో ఎవరు పోయినా దిక్కులేని శవం అని రాసి ఇక్కడికి పంపేసేవాళ్ళు.

అవునమ్మా, నీ అర్జీ చదివాను. మీ నాయనమ్మ మూడు రోజులు జైలు గేటు బయటే నిలబడిందట. లోపల మాత్రం ఎవరూ రాలేదని రాసేశారు. ఏం చేస్తాం?

నేనా? స్టోరు మనిషిని. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఈ బీరువాల మధ్యే జుట్టు నెరిసింది. దుమ్ము దులపడం, పురుగు పట్టకుండా చూడటం, నంబరు వెలిసిపోతే మళ్ళీ దిద్దడం.

ఏమిటీ? ఈయనేనా అంటావా?

బాబాయ్ అని పిలిచి మరీ అడుగుతున్నావే! ఆ తలుపు వేసి రా తల్లీ. ఎందుకంటావేం, వేసి రా.

నేను చేరిన మొదటి ఏడు. తనిఖీకి పెద్దవాళ్ళొస్తున్నారని ఒకటే హడావిడి. మూడో బీరువాలోవి ముప్ఫై రెండూ కడిగి, నంబర్లు దిద్ది, పైన వార్నిష్ పూయమన్నారు. ఒక్కోటీ కడిగి, వెంటనే దాని నంబరు రాయమన్నారు. నేను అన్నీ రాసి కడిగాను!

బకెట్లో ఒక్కొక్కటీ ముంచి, తోమి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆరబెట్టాను. నీళ్ళు నల్లబడుతుంటే అబ్బో, ఎంత దుమ్మో అనుకున్నాను. చివరిది తీసి వెనక్కి తిరిగితే... ఒక్క నుదుటి మీదా అంకె లేదు. ముప్ఫై రెండూ నా వైపే చూస్తున్నాయి.

ఎవరికి చెప్పను? ఇంట్లో నెలల పిల్ల. ఉద్యోగం పోతే? రిజిస్టరు ముందు పెట్టుకుని, చేతికందిన దాని మీద వరసగా రాసేశాను. ఈసారి మర్చిపోకుండా వార్నిష్ పూశాను, రెండు పూతలు. ఇప్పుడు గోటితో గీకు, పోతుందేమో చూడు.

ఆ తర్వాత ఆ బీరువాలోంచే ఆరు కుటుంబాలు పట్టుకెళ్ళాయి. ఒకాయన ఇంటికెళ్ళి నాకు ఉత్తరం కూడా రాశాడు, ఆ పళ్ళు అచ్చం మా నాన్నవే, చూడగానే పోల్చుకున్నాం అని. చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

నీ చేతిలోదాంతో కలిపి ఇంకా ఇరవై ఆరు ఉన్నాయి. మీ తాతయ్య వీటిలో ఉన్నాడో, ఎవరో తమవాడనుకుని ఏడ్చి పూడ్చిపెట్టిన ఆ ఆరింటిలో ఉన్నాడో నాకు తెలీదు. ఒట్టు, తెలీదు.

పైకెళ్ళి చెబుతావా? చెప్పు, ఆపను. కానీ ఆ ఆరిళ్ళకి కూడా నువ్వే వెళ్ళి చెప్పాలి, మీరు పూడ్చింది మీవాళ్ళని కాకపోవచ్చని. నాకైతే ఇన్నేళ్ళుగా నోరు రాలేదు.