రైటరుగారి ఎలక్ట్రానిక్ సంతకం

దస్తావేజు మీద ఫోన్లో సంతకం పెట్టించడమూ ఓ గొప్పేనటండీ! పొద్దున ఈ టైలరమ్మ పరుగెత్తుకొచ్చింది. కొట్టు గది రిజిస్ట్రేషనుకి ఇవాళే ఆఖరట, సాయంత్రంలోగా సంతకం పడకపోతే ఓనరు ఇంకొకళ్ళకి అమ్మేస్తాడట. ఏడుపొక్కటే తక్కువ. ఇలా ఫోను తీసుకున్నాను, అలా పెట్టించేశాను. కొత్త చట్టం వచ్చాక దస్తావేజు రైటర్లంతా తలలు పట్టుకుంటున్నారు గానీ, నాకు నల్లేరు మీద బండి నడక!

"మరి నా ఫోనేదండీ?" అంది టైలరమ్మ.

మా బావమరిది దగ్గరుంది. సంతకం ఆరాలి కదమ్మా! అసలా చట్టం చెప్పి రాయించిందే నేను. నవ్వకండి. పెద్దాఫీసు నుంచి ఫోను, "అమ్మకాలూ తనఖాలూ కాగితం లేకుండా చేద్దామనుకుంటున్నాం, తమరు ఊఁ అంటేనే" అని. నేనేమో స్నానంలో ఉన్నాను. ఒంటి మీద సబ్బుతోనే మొదటి సెక్షను నుంచి ఆఖరిదాకా గడగడా చెప్పేశాను.

"సబ్బు కడుక్కున్నారా లేదా?" అంది నా చేతికి టీ గ్లాసందిస్తూ టీకొట్టామె.

తీరికేదీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున ఈవిడ సంతకం పడగానే ఎదురు రిజిస్ట్రేషనాఫీసులో కంప్యూటర్లన్నీ లేచి నిలబడ్డాయి. బ్యాంకులో తనఖా దస్తావేజులు వాటంతటవే బీరువా దిగి, ఎవరివి వాళ్ళిళ్ళకి నడిచెళ్ళి తలుపులు కొట్టాయి. సంతకం కింద గీత గీయిస్తాను చూశారూ, అది తెరలో పట్టక బయటపడి, గోడ దూకి, సముద్రంలో ఓడకి చుట్టుకుంది! కెప్టెను ఫోన్ చేసి, "అయ్యా, కాస్త వదులు చెయ్యండి" అని ఒకటే బతిమాలడం. నమ్మరూ? అదిగో ఫోన్ల రిపేరు కొట్టులోంచి మా బావమరిదే వస్తున్నాడు, వాణ్ణే అడగండి!

"ఏం చెప్పమంటావు బావా? ఫోను గాజు మీద బాల్‌పెన్ను సంతకం, పక్కనే ఇంత సిరాతో వేలిముద్ర. సిరా లోపలికి దిగి ఫోను మూగబోయింది. ఇప్పటిదాకా కడిగి, ఆరబెట్టి బతికించాను. ఆఫీసుకి మాత్రం ఏమీ చేరలేదు."

"అయ్యో నా కొట్టు! నాకప్పుడే అనుమానం వచ్చింది. అడిగితే, కొత్త చట్టం నీకేం తెలుసు, వేలు గట్టిగా అదుము అన్నారు!"

అంటే... గీత ఆరేలోపు...

"నువ్వుండు బావా. అక్కా, టైముంది, కంగారుపడకు. ఇదిగో నీ ఫోను, దీనికిప్పుడో నంబరు వస్తుంది, అది ఇక్కడ కొట్టు. ఆఁ, కింద నొక్కు. అంతే. చూడు, అవతల ఓనరు సంతకం కూడా పడింది. కొట్టు నీదే."

టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, ఫోను కొంగులో చుట్టుకుని, నావైపు తిరిగింది.

"రైటరుగారూ, అంత చట్టం చెప్పి రాయించారే, ఫోను మీద పెన్ను పెట్టకూడదని అందులో ఓ ముక్క వేయించలేకపోయారా?"