లేవని జనం

ఏటేటా జరిగే నగర చలనచిత్రోత్సవంలో ఆ రోజు స్థానికుల సినిమాలు. కోడలు తీసిన సినిమా అయిపోయి హాల్లో లైట్లు వెలిగాయి. అత్తాకోడళ్లు చివరి వరుసలో ఉన్నారు.

“నా తిట్లన్నీ తెరకెక్కించి నా పరువు తీశావు కదే! పద, ఎవరూ చూడకముందే పోదాం.”

“ఉండండి అత్తయ్యా. ఒక్కరైనా లేచారా?”

“లేవలేదు. నా మొహం చూద్దామని కాచుక్కూర్చున్నారు!”

“ఇక్కడ మొదట్నుంచీ ఇదే ఆనవాయితీ. సినిమా నచ్చితే, తీసినవాళ్లు వేదికెక్కేదాకా ఎవరూ కదలరు. పోయినేడు నా సినిమాకి హాలు క్షణంలో ఖాళీ అయింది.”

“అంటే... ఇంతమందికీ నచ్చిందా?”

“నచ్చింది. ఏడవకండి.”

“ఏడుస్తున్నది నువ్వే. ముక్కు తుడుచుకుని నడు. తల దించుకున్నావంటే ఊరుకోను.”

“మీరూ రండి.”

“రాకేం? తిట్టింది నేనైతే చప్పట్లు నీకొక్కదానికేనా?”