నాలుగో పళ్లెం

బోధన్‌లో పరమేశ్వర్ బెల్లం దుకాణం. కూతురు వినీతను నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించి భార్యాభర్తలు ఇప్పుడే తిరిగొచ్చారు. పిల్ల బస్తాల వెనక కూర్చుంది.

"గంగమణీ, డాక్టరమ్మ అడిగినదానికి నువ్వు జవాబియ్యలె."

"ఏమడిగింది?"

"పిల్ల ఆకలయ్యి తింటదా, ఆకలి లేకున్నా తింటదా అని. నువ్వు గోడ దిక్కు సూసినవ్."

"దుకాణంల బెల్లం ముక్కలు చేతుల పెట్టింది నువ్వు. నన్నడుగుతవేంది?"

"ఎండకాలం సందే బెల్లం బంద్ జేసిన. అయినా బరువు పెరిగింది. గిట్లనే తింటే షుగరొస్తదట. తొమ్మిదేండ్ల పిల్లకు."

"ఇన్న. నేనూ ఆడనే ఉన్న."

"బడి కాడ ఏమన్న కొనుక్కుంటుందా?"

"పైసలెవలిచ్చిండ్రు కొననీకి?"

"మరి యాడికెల్లి వస్తుంది బరువు?"

"పెద్దగయితే అదే సన్నబడతదని మీ అవ్వనే అన్నది."

"అవ్వ మాట పక్కకు పెట్టు. నేను సరుకు అమ్మెటోణ్ణి. ఏ బస్తా ఎప్పుడొడుస్తదో నాకెర్కే. శ్రావణ్ ఉన్నప్పుడు ఇంట్ల బియ్యం ఎట్ల ఒడిసేటియో, ఇప్పుడూ అట్లనే ఒడుస్తున్నయ్."

"బియ్యం లెక్క కూడ సూస్తున్నవా?"

"పోరడు కాలువల పడి పానం పోయి ఏడాది దాటింది. ఇంట్ల ముగ్గురం. నలుగురికెందుకు వండుతున్నవ్?"

"చెయ్యికి అలవాటు."

"మిగిలిందేది మరి?"

"మిగలదు."

"కుక్కకేస్తున్నవా?"

"నా కొడుకు బువ్వ కుక్కకేస్తనా?"

"కొడుకు బువ్వనా."

"వాని పళ్లెంల పెడ్త. జరసేపు ముందట పెట్టుకుంట. గంతే."

"తర్వాత?"

"తర్వాతేం లేదు. గిరాకొచ్చిండు, సూడు."

"నిలవడనీ. తర్వాత ఎవలు తింటరు?"

"నాకు తెల్వదు. నేను కండ్లు మూసుకుంట."

"వినీతా, ఇటు రా బిడ్డ. అన్న పళ్లెం తినుమని అమ్మ చెప్పిందా?"

"లేదు బాపు. అమ్మ ఏం చెప్పదు."

"మరి నీకు ఆకలయితదా?"

"కాదు. కడుపు నొస్తది."

"కడుపు నొస్తే ఎందుకు తింటవు బిడ్డ?"

"అన్న పళ్లెం ఖాళీ అయితెనే అమ్మ బువ్వ తింటది."