తగిలించినవాడే తియ్యాలి

ఆస్పత్రి రెండో అంతస్తు. పిల్లల వార్డు తలుపు బయట ఇనప బెంచీ. గోడ గడియారంలో పదీ ఇరవై. తల్లి బెంచీ మీద కూర్చుని ఉంది. తండ్రి కింద నుంచి ఇప్పుడే మెట్లెక్కి వచ్చాడు.

“...ముప్పావుగంట నిలబెట్టాడే తలుపు బయట, ఆ పెద్ద డాక్టరు. లోపల ఒక్కడే కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. అద్దంలోంచి కనబడుతూనే ఉన్నాడు.”

“ఏమన్నాడు?”

“పదకొండంటే పదకొండేనట. పిల్ల ఊపిరి మిషను తీసేయటానికి నిన్ననే ఇద్దరూ సంతకాలు పెట్టారుగా, అంటాడు. పెట్టాను. ఎవడు కాదన్నాడు. పెట్టినప్పుడు నా చెయ్యి నా మాట వింటోందా?”

“కూర్చో.”

“కూర్చోను. బోర్డు ఉందా?”

“ఏ బోర్డు?”

“ఏ బోర్డంటావేం. పొద్దున మిషను స్విచ్చికి తగిలించానే, ఎర్ర రేకు. ఉందా, పీకేశారా?”

“కూర్చోవయ్యా. రొప్పుతున్నావు.”

“లిఫ్టు పాడైంది. ఒక ఫేజు పోయింది, మోటారు మూలుగుతోంది. మిల్లు ఎలక్ట్రీషియన్ని, నే చూస్తానంటే వినే నాథుడు లేడు. ఇట్లాంటి చోట పిల్లని పెట్టాం మనం. బోర్డు ఉందా అంటే చెప్పవేం?”

“దాని మీద ఏం రాసుంది? అక్షరాలు చెరిగిపోయాయి, నాకు సరిగా కనబళ్ళేదు.”

“‘లోపల మనిషి ఉన్నాడు, ముట్టొద్దు’ అని. పదిహేడేళ్ళుగా నాతో తిరుగుతోంది అది.”

“మిల్లులో ఆపిన మిషను మళ్ళీ వెయ్యొద్దని తగిలిస్తారు. నువ్వు నడిచేదాన్ని ఆపొద్దని తగిలించావు.”

“రెండూ ఒకటే. లోపల మనిషి ఉంటే స్విచ్చి ముట్టకూడదు. అంతే.”

“డాక్టర్లకి ఆ సంగతి తెలియదు కదా.”

“తెలియకపోతే చదువుకోమను. అన్ని చదువులు చదివారుగా. తగిలించినవాడే తియ్యాలి. మేనేజరు రానీ, వాడి బాబు రానీ, ఇంకొకడు చెయ్యి వెయ్యకూడదు.”

“నాకు చెప్తావేం. పెళ్ళైన కొత్తలో వంటింటి ఫ్యూజుకి తగిలించి డ్యూటీకి పోయావు. రెండ్రోజులు చీకట్లో వండాను.”

“నిన్నెవరన్నా తియ్యొద్దన్నారా?”

“నువ్వే అన్నావు.”

“నవ్వకు.”

“నవ్వలేదయ్యా.”

“మా షిఫ్టు ఇంచార్జి ఒకసారి తొందరపడి తీశాడు. లోపల నూనె పోసేవాడు ఉన్నాడు. వాడి పెళ్ళాం ఇప్పటికీ మిల్లు గేటు పక్కన టీ అమ్ముతోంది. నేను వెనక గేటు నుంచి వస్తాను.”

“ఆ రోజు నువ్వు డ్యూటీలో లేవుగా.”

“లేను. ఉంటే తియ్యనిచ్చేవాణ్ణా? మూడుసార్లు పిలవాలి. పేరు పెట్టి, గట్టిగా. పలికితే బయటికొచ్చినట్టు. పలక్కపోతే లోపల ఉన్నట్టు.”

“పిలిచావా?”

“పిలిచాను పొద్దున. ఇంట్లో పిలిచినట్టే ‘మేస్త్రీ’ అని. ఆ పక్క మంచం వాళ్ళంతా నావైపే చూశారు. చూడనీ.”

“పలకలేదు.”

“పలకలేదు. అంటే లోపలుంది.”

“పదకొండు రోజులైంది అది పలక్క.”

“నాకు లెక్కలు చెప్పకు.”

“మొన్న డాక్టరమ్మ కళ్ళల్లో లైటేసి చూపించింది. నువ్వూ చూశావు. మెదడు పనిచేస్తోందో లేదో చూట్టానికి చెవిలో చల్లనీళ్ళు పోసింది. తలంటేటప్పుడు చెవిలో చుక్క పడితే వీధంతా వినపడేలా అరిచే పిల్ల. రెప్ప కూడా కదల్లేదయ్యా.”

“డాక్టరమ్మ. ఏం తెలుసు ఆవిడకి. మన పదేళ్ళ పిల్ల, మిల్లు మేస్త్రిలాగా నన్ను గుమ్మంలో నిలబెట్టి అడిగేది, టెస్టరు పెట్టుకున్నావా, చేతి తొడుగులు పెట్టుకున్నావా అని. ఆవిడకి తెలుసా?”

“తెలియదు.”

“మరి లోపల ఎవరూ లేరని ఎట్లా చెప్తుంది?”

“అమ్మా, ఆయన వచ్చారా?”

“వచ్చారు నర్సమ్మా.”

“చెప్పారా మరి?”

“చెప్తాను తల్లీ. ఓ ఐదు నిమిషాలు.”

“తొందరేం లేదమ్మా. మెల్లిగానే రండి. నేను లోపలే ఉంటాను.”

“...ఏమిటి చెప్పేది నాకు?”

“బోర్డు సంగతి.”

“తియ్యమనేగా. పొద్దున ఇదే నర్సు నా మీద ఇంతెత్తున లేచింది. ఇప్పుడు తొందరేం లేదంటోందేం?”

“మంచి పిల్లయ్యా. రాత్రంతా నాతోనే నిలబడింది.”

“జ్వరం వచ్చినరోజు నేనే అన్నాను. మాత్ర వేసి బడికి పంపు, పరీక్షలు కదా, అని. గుర్తుందా?”

“నువ్వన్నావు, నేను పంపాను.”

“తల నొప్పిగా ఉంది నాన్నా అంది. ఎగ్గొట్టటానికి నాటకాలాడకు అన్నాను. అదీ నేను దానితో అన్న ఆఖరి మాట. మెదడు జ్వరమని నాకేం తెలుసు. నాటకాలంట. నోరు పడిపోను.”

“ఊరుకో. ఎవరికి తెలుసు.”

“నా బోర్డు వేరేవాడు తీస్తే, పిల్లని లోపల వదిలేసి నేను బయట నిలబడ్డట్టేగా. ఆ ఇంచార్జికీ నాకూ తేడా ఏముంది?”

“మరి నువ్వు తీస్తావా?”

“...టైమెంతైంది?”

“పదీ నలభై.”

“మనం ఆపనివ్వకపోతే దానికి నొప్పా?”

“నొప్పి తెలియదన్నారు. ఒళ్ళు మాత్రం నీరు పట్టి ఉబ్బిపోయింది. వేళ్ళ మధ్య సూదులకి ఇంక చోటు లేదు. కాలికి పొడిచారు.”

“నాకు చెప్పలేదేం?”

“నువ్వు స్విచ్చి దగ్గరే నిలబడ్డావు. కాళ్ళవైపు రాలేదు.”

“...సరే.”

“ఏం సరే?”

“సరేనే. ఎన్నాళ్ళని గోడలాగా అడ్డం నిలబడను. పలక్కపోతే లోపలికి వెళ్ళి చేత్తో తడిమి చూడాలి, అదీ పద్ధతి. చూస్తాను. లేదనిపిస్తే నేనే తీస్తాను. నా చేత్తో. ఇంకా ఇరవై నిమిషాలుంది. పద.”

“ఉండు.”

“లేవవేం?”

“కాసేపు కూర్చుందాం.”

“ఇందాకట్నుంచీ కూర్చో, కూర్చో. తియ్యనంటే నాతో వాదిస్తావు. తీస్తానంటే కూర్చోమంటావు. ఇంకేం చెయ్యమంటావే నన్ను?”

“ఏం చెయ్యొద్దు.”

“నా వైపు చూడు. పదకొండు రోజులు కన్నీళ్ళు ఆగలేదు నీకు. ఇవాళేంటి, ఒక్క చుక్క లేదు?”

“నువ్వు కిందికి వెళ్ళినప్పుడు ఏడ్చాను.”

“ఎందుకు?”

“నువ్వుంటే ఆపనివ్వవనుకున్నాను. నీ అంతట నువ్వే తీస్తానంటావని నాకేం తెలుసు.”

“ఏమంటున్నావే?”

“బోర్డు నేనే తీసి ఆపమన్నాను. రాగానే చెప్దామనుకున్నాను. ‘బోర్డు ఉందా’ అని అంత ఆశగా అడిగావు. నీకైనా పిల్ల ఉండనీ కాసేపు, అనిపించింది.”

“మేస్త్రి...”

“లే. పద లోపలికి. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.”