పీరయ్య చెవినబడిన ఖురూజ్

కూసో సురేంద్రా. ముందు ఆ గహ్వా చెంబు కింద పెట్టు, ఆ కాఫీ అంతా నా మీద పోసేట్టుండావు. ఏమైంది? లోపల మజ్లిస్ హాల్లో ఖురూజ్ అని మాట్లాడుకుంటాండారా? ఎవురు, మన కఫీలు, ఈ ఇంటి యజమాని మిషాలూ, వాళ్ళ తమ్ముడూనా? అంతేనా? ఓరి నీ, దానికే మొగం ఇంత చేసుకోని వస్తివా. నువ్వొచ్చి ఇంకా యాడాది గూడా కాలేదు, నీకు తెలీదులే. ఖురూజ్ అంటే మనకైతే ఒకటే అర్థం, పెట్టె సర్దుకో, ఊరికి పో, ఇంగ రావద్దు అని. అరబ్బోళ్ళకు అదొట్టి మాటప్పా. బయటికి పొయ్యేదంతా ఖురూజే. మొన్న సూపర్ మార్కెట్‌కు పోతిమి గదా, ఆ తలుపు మీద గూడా ఖురూజ్ అనే రాసిండాది. తలుపును చూసి ఏడుస్తామా? లోపల టీవీలో ఏదో దేశం యాడినుంచో బయటికి పోతాదని రచ్చ జరుగుతాంటాది, వీళ్ళు దాన్ని పట్టుకోని అరుచుకుంటాంటారు. ఈ సౌదీ ఎడారిలో, హఫర్ అల్ బాతిన్‌లో ఇంగేం పనుండాది వీళ్ళకు, ఎండ, మాటలు. నువ్వు పీరయ్య మాదిరి చేసేవు, జాగర్త.

పీరయ్య ఎవురా? నువ్వు పండుకుండే మంచం ఆయప్పదే. నీకెవురూ చెప్పలేదా. మాది రాయచోటి, ఆయప్పది లక్కిరెడ్డిపల్లె తట్టు ఒక పల్లె. నీ పనే ఆయప్ప పని, మజ్లిస్‌లో గహ్వా పొయ్యడం, ఖర్జూరాలు పెట్టడం, కఫీలు గుడ్డలు ఇస్త్రీ చెయ్యడం. గహ్వా మాత్రం, నువ్వేమనుకోవాకు, నీకంటే బాగా కాసేవాడు. యాలక్కాయ దంచినాడంటే వాసన గేటు దాకా వస్తాండె. భయస్తుడు మాత్రం. ఊరికే భయం గాదులే, దానికొక కత ఉండాది. ఈ ఇంటికి రాకముందు ఒకసారి జిజాన్ తట్టు గొర్రెలు కాసేదానికి వచ్చినాడంట. ఆ కఫీలుకు నచ్చక ఖురూజ్ కొట్టి పంపించేసె. ఊర్లో ఆటో దిగినాడో లేదో, అరుగు మీద కుచ్చున్నోళ్ళు, "ఏమి పీరయ్యా, అప్పుడే వస్తివే, సౌదీ మూసేసినారా?" అనిరంట. ఇంగ ఆ దినం నుంచి పేరే పడిపాయె, ఖురూజ్ పీరయ్య అని. పిలకాయలు గూడా అదే. పెండ్లాం నీళ్ళకు పోతే "ఖురూజోళ్ళ ఇంటిదానా" అంటాంటిరంట. "దిలావరన్నా, సస్తే ఈ ఇసకలో సస్తా గానీ ఇంగోసారి ఆ పేరు పెట్టించుకోని ఊర్లో దిగను" అనేవాడు నాతో. నవ్వుతానే అనేవాడు, కానీ నిజంగానే అనేవాడు.

ఆయప్ప ఈడుండంగా ఒక యేడు రంజాన్‌లో, తెల్లారి లేసి చూస్తే, పక్క దేశంతో తగువొచ్చి, ఖతర్‌కు పొయ్యే దావలన్నీ మూసేసినారు. విమానాలు లేవు, లారీలు లేవు. మనకేమి, మనం యాడోళ్ళం. కానీ ఈ ఇంట్లో పెద్ద కఫీలు, మిషాల్ వాళ్ళ నాయన అబూ మిషాల్, ఇప్పుడు లేడులే, అల్లా ఆయన్ను చల్లగా చూడనీ, ఆయన కూతురు నౌఫ్‌ను ఇచ్చింది ఆ ఖతర్ దేశంలోనే, దోహాలో. వాళ్ళ తెగోళ్ళే, అటు సగం ఇటు సగం. బిడ్డ ఆ పక్క, తల్లి ఈ పక్క. మామా, అదే కఫీలు పెండ్లాం, ఆయమ్మ అయితే తిండి మానేసె. మజ్లిస్‌లో దినామూ ఇదే కొట్లాట. ఈ గల్ఫు దేశాలు ఆరూ కలిసి ఒక కూటమి పెట్టుకున్నారు గదా, దాన్ని గూడా మజ్లిస్ అనే అంటారు. మనకు మజ్లిస్ అంటే నువ్వు గహ్వా పోసే హాలు. సరేనా, ఈ తిరకాసు గుర్తు పెట్టుకో. ఖతర్ ఆ మజ్లిస్‌లో ఉండల్లా, పోవల్లా అని వీళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుంటాంటే, కఫీలు తమ్ముడు అబూ రాకాన్ లేసి నిలబడి, "ఖురూజ్! మజ్లిస్ నుంచి ఖురూజ్! బర్రా!" అని చెయ్యి గేటు తట్టు చూపిస్తాండె. బర్రా అంటే తెలుసు గదా, బయటికి నడువు అని. పక్కింటి ముసిలాయన అబూ తుర్కీ మాత్రం, "లా, లా, వద్దు వద్దు, ఒకే కంచంలో తిన్నాం, ఒకే చెంబు నీళ్ళతో చెయ్యి కడుక్కున్నాం. తప్పు చేస్తే కుచ్చోబెట్టి చెప్పుకోవల్ల గానీ బయటికి తోసుకుంటామా" అనేవాడు. నేను వింటాంటి గదా వాకిట్లో కుచ్చోని. కఫీలు నడమ నలిగిపోతాండె. అటు తమ్ముడు, ఇటు బిడ్డ.

ఇప్పుడు పీరయ్య కాడికి రా. వీళ్ళు ఖతర్‌ను గతర్ అంటారు. మనోనికి గతర్ తెలీదు, గుత్రా తెలుసు. నెత్తిన కట్టుకునే గుడ్డ. అంతకు ముందు వారమే కఫీలు గుత్రాను ఇస్త్రీ పెట్టె కింద కాల్చి పెట్టినాడు. ఎవురికీ చెప్పలేదు, పరుపు కింద దాచిపెట్టినాడు. ఇంట్లో ఎవురూ దాని ఊసే ఎత్తలేదు, బీరువా నిండా గుత్రాలే గదా, ఎవురు లెక్క పెడతారు. వీడు మాత్రం చెంబు పట్టుకోని నిలబడి వింటాండాడు. గుత్రా. ఖురూజ్. మజ్లిస్ నుంచి బర్రా. దినామూ అదే. ఇంగేం కావల్ల? తన కోసమే ఇంతమంది కొట్లాడుకుంటాండారు అనుకునేసినాడు. నవ్వొస్తాంది గదా నీకు, నాకూ వచ్చింది తర్వాత. ఆ దినాల్లో నాకు ఒకటే అర్థం గాలేదు, అబూ తుర్కీ చాలని గిన్నె ఊపినా గూడా వీడు మల్లా మల్లా పోస్తాండె. మంచి ఖర్జూరాలన్నీ ఆయన ముందరే. అబూ రాకాన్‌కు మాత్రం అడుగున మడ్డి. నన్ను అడిగుంటే ఒక్క మాటలో తేలిపొయ్యేది. అడగడానికీ సిగ్గే, అడిగితే గుత్రా సంగతి చెప్పల్ల గదా.

ఇంతలో పండగ పాయె. కువైట్ ఎవురితోనూ తగువు పెట్టుకోలేదు, నౌఫ్ దోహా నుంచి కువైట్‌కు వస్తాది, మామాను నువ్వు కారులో తోడుకోని పో అని కఫీలు నాకు చెప్పె, ఇంటి డ్రైవర్ను నేనే గదా. పోతిమి. తల్లీ బిడ్డా ఒకర్నొకరు పట్టుకోని ఏడుస్తాంటే నేను కారు పక్కకు తిరిగి నిలబడినా, నాకూ ఆగలేదు. మేము ఆడుండగానే ఈడ అన్నా తమ్ముడూ కొట్టుకునేంత పని అయ్యిందంట. ఆ తమ్ముని నోరు మూపిచ్చేదానికి కఫీలు, "ఖలాస్! ఖురూజ్ అయితే ఖురూజ్! ఇంగ ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు!" అనేసె. అంతే. పీరయ్య చెంబు కింద పెట్టినాడు. అబూ తుర్కీ కాడికి పోయి వంగి భుజం ముద్దు పెట్టుకున్నాడు. ముసిలాయన నన్ను అడుగుతాండె తర్వాత, "ఏంటికి ముద్దు పెట్టె దిలావర్, నేనేం చేస్తిని?" అని. తెల్లారి నమాజు బాంగు టయానికి పీరయ్య మంచం ఖాళీ.

మేము తిరిగొచ్చేసరికి ఇల్లు అట్లుండాది. కఫీలు కోపం గూడా తెచ్చుకోలేదు. "నేనేం తక్కువ చేస్తి వానికి" అంటాండె, అదే మాట. వస్తాడు వస్తాడు అని కాచుకున్నాడు. తర్వాత కొడుకులు పడనియ్యక హురూబ్ పెట్టించిరి, పారిపోయినాడని సర్కారుకు రాయించడం. ఒకసారి అది పడిందంటే ఇంగ ఈ గేటు లోపలికి రాలేడు. పరుపు ఎత్తితే కాలిన గుత్రా బయటపడె. అప్పుడు గూడా నాకు అర్థం కాలేదు. శానా దినాలకు ఫోన్ చేసినాడు, బురైదాలో ఖర్జూరం తోటలో దాక్కోని పని చేస్తాండా అని. "నాకు ఖురూజ్ ఇచ్చినారు గదన్నా, గుత్రా కాల్చినానని" అన్నాడు. నేను చెప్పినా, నాయనా, అది గుత్రా గాదు, ఖతర్ దేశం, ఆ మజ్లిస్ ఈ మజ్లిస్ గాదు అని.   మెల్లగా అడిగినాడు, "అయితే దిలావరన్నా, ఆ ముసిలాయన గూడా నా గురించి అనలేదా?" అని. అన్నం తింటాండావా నాయనా అని అడిగితి సురేంద్రా, అంతే.  ఈ దేశంలో తన తట్టు మాట్లాడేవాడు ఒకడుండాడు అనుకోని బతికినాడు గదా అన్ని దినాలు.

మల్లా కొన్నేండ్లకు దావలు తెరిచిరి. ఎవురూ యాడికీ పోలేదు, ఆ ఆరు దేశాల మజ్లిస్ అట్లనే ఉండాది. నౌఫ్ పిల్లోళ్ళతో వచ్చింది. బర్రా బర్రా అని అరిచిన అబూ రాకానే వాళ్ళను భుజాన ఎక్కించుకోని తిరిగె. వాళ్ళలో వాళ్ళకు తలుపు తీసుకున్నారు. పీరయ్యకు ఎవురు తీస్తారు? ఆ ఫోన్ నంబరు ఎప్పుడో ఆగిపాయె. ఊరికీ రాలేదంట. బురైదా నుంచి వచ్చినోళ్ళను అడుగుతా నేను, ఇప్పుడు గూడా. ఎవురికీ తెలీదు.

అందుకే చెప్తాండా, మాటను పూర్తిగా వినల్ల, సగం విని బెదిరిపోగూడదు. మిషాల్‌కు ఏదో ఒక దేశం మీద కోపమొచ్చింటాది. వాళ్ళ పెండ్లాము, చెల్లెండ్లు అంతా వాళ్ళ కార్లు వాళ్ళే తోలుకుంటాండారు, నా కారు తుడిచి పెట్టడమే గానీ గేటు దాటి శానా దినాలైంది, ఇంట్లో తగువులకు కారణాలు గూడా లేవు వాళ్ళకు, అందుకే టీవీ. ఏ దేశం పేరు అన్నారు, చెప్పు, నేను చెప్తా అదేందో.

ఏంది?

సరిగ్గా విన్నావా? గతర్ అనింటారప్పా. కాదా... మల్లా చెప్పు. తమ్ముడు లా, లా అంటాంటే మిషాల్ అన్నాడా. దిలావర్ అనే అన్నాడా.

ఆ పేరుతో దేశం యాడా లేదే.

పో నాయనా, చెంబు ఎత్తుకోని పో. గహ్వా సల్లారిపోతాంది, లోపల కాచుకోనుంటారు.