మొహం కింద అడ్రసు

కాదు మావయ్యా, ముందా ఫోను బల్ల మీద పెట్టండి. లారీవాడు ఆగుతాడు. కమలాపళ్ళు ఒక పూట ఆగినంత మాత్రాన కుళ్ళిపోవు, ఆ సంగతి నాకు నేర్పింది మీరే. తలుపు నేనే వేశాను. పళ్ళు ఏరేవాళ్ళంతా ఈ అద్దంలోంచి మనల్నే చూస్తున్నారు, చూడనివ్వండి. పొద్దున్నుంచి ఒక్కరూ పళ్ళు నడిచే బెల్టు దగ్గరికి పోలేదు.

"లేబుళ్ళేవీ, లేబుళ్ళేవీ" అంటున్నారు. ఇవాళ మీ నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే. నిన్న ఈ షెడ్డులో అంత జరిగితే మీకు గుర్తొచ్చింది లేబుళ్ళా? చెప్తాను, వాటి సంగతీ చెప్తాను. కానీ మొదట్నుంచి చెప్తాను. మధ్యలో "అది కాదమ్మా" అనకండి. ఆ మాట విని విని నాకు చెవులు చిల్లులు పడ్డాయి.

నేను మీ దగ్గర చేసే పనేంటి? వల సంచి మూతికి వేలాడే అట్టముక్క తయారుచెయ్యడం. అరచెయ్యంత అట్ట. మన చుట్టాల్లో ఎవర్నడిగినా "ఆ పిల్లా? మేనమామ దగ్గర బొమ్మలేసుకుంటుంది" అంటారు. అననీ. చల్లగదిలో చెమ్మకి మెత్తబడని అట్ట ఏదో నాకు తెలుసు. ఎర్ర వల పక్కన ఏ రంగు వేస్తే పండు నోరూరిస్తుందో, ఏ రంగు వేస్తే రోగిష్టిదానిలా కనిపిస్తుందో తెలుసు. సరుకు కట్టినవాడి అడ్రసు లేబులు మీద ఉండి తీరాలని, అది రూలని కూడా తెలుసు.

మరి ఈ కొత్త లేబులుకి నేనేం గీశాను? రెండు చేతులు. దోసిలి పట్టిన చేతులు, అందులో ఒక పండు, ఆకుతో సహా. అడ్రసు వెనకవైపు. మీరు చూసి ఏమన్నారు? "బాగుంది గానీ, ఈ చేతులకి మొహమేదే?" అన్నారు. నేను నవ్వాను కూడా, వేళాకోళం అనుకుని. నా ఖర్మ.

ఆ చేతులెవరివో తెలుసుగా మీకు. హెడ్మాస్టరమ్మవి. ఆ పేరు పెట్టింది మన ఏరేవాళ్ళే. చేరినప్పట్నుంచీ మనిషి నవ్వదు, ఒకరి జోలికి పోదు. పక్కనవాళ్ళు కబుర్లలో పడితే తలెత్తి ఒక్క చూపు చూస్తుంది, అంతే, క్లాసులో పిల్లల్లా అందరూ నోళ్ళు కట్టేసుకుంటారు. కానీ పండుని పట్టుకుంటే ఎంత నెమ్మదిగా పట్టుకుంటుందో! అందుకే ఆవిడ చేతులు గీస్తానన్నాను. ఆవిడేమందో తెలుసా? "చేతులైతే గీసుకోమ్మా. మొహం మాత్రం ఎక్కడా వద్దు."

ఎందుకని అడిగాను. చెప్పింది. చెప్పి, ఎవరితోనూ అననని ఒట్టు వేయించుకుంది.

ఇంకేముంటుంది, మొగుడు. కొట్టేవాడు. ఒకసారి చెయ్యి విరగ్గొడితే, తనే వెళ్ళి కట్టు కట్టించుకొచ్చి, ఆ రెండో చేత్తో వాడికి వండిపెట్టింది. చివరికి ఒకరోజు కట్టుబట్టలతో బయటపడి, ఎన్ని బస్సులు మారిందో ఏమో, వచ్చి మన బెల్టు దగ్గర నిలబడింది. ఎక్కడుందో వాడికి తెలీదు. మావయ్యా, ఆ తెలీకపోవడం ఒక్కటే ఆవిడ ఆస్తి. అది తప్ప ఇంకేం లేదు ఆవిడ దగ్గర.

ఒట్టేసినదాన్ని, ఆ కథంతా మీకెలా చెప్తాను? చెప్పలేదు. కానీ మీరు ఇదే కుర్చీలో ఉండగా, నేనిక్కడే నిలబడి, "ఆవిడ తన మొహం వద్దంది మావయ్యా" అని చెప్పానా లేదా? నా కళ్ళలోకి చూసి చెప్పండి. చెప్పాను. మీరు తలూపారు. మీరు తలూపితే విన్నట్టు కాదని నాకిప్పుడు తెలిసొచ్చింది.

ఏంటి? కారణం చెప్పుంటే పెట్టేవారు కాదా?

అదిగో, అక్కడే నాకు ఒళ్ళు మండుతోంది. వద్దన్న మనిషి కారణం కూడా చేతిలో పెట్టాలా? మా చెల్లి పెళ్ళిలో ఫోటోలు తీసేవాణ్ణి "నా వెనకనుంచి తియ్యకురా, బట్టతల పడుతుంది" అని కసిరారు. వాడు మారుమాట్లాడకుండా పక్కకి పోయాడు. మీరు వద్దంటే వద్దు. ఆవిడ వద్దంటే మాత్రం సిగ్గు. "సిగ్గుపడుతోందిలే, రేపు అచ్చులో చూసుకుని తనే మురిసిపోతుంది" అన్నారట అత్తయ్యతో. అత్తయ్యే చెప్పింది. ఇంట్లోవాళ్ళ నోరు కూడా మీకు అదుపులో లేదు మరి.

తర్వాత మా పిల్లాడికి జ్వరమొచ్చి నేను కొన్నాళ్ళు రాలేదు. మీకు సందు దొరికింది. ఆ రోజుల్లోనే బెల్టు మీంచి ఒక పండు ఎగిరి సూపర్‌వైజరు టీ గ్లాసు మీద పడిందట. ఆయన మొహం, చొక్కా అంతా టీ. హెడ్మాస్టరమ్మ నవ్వేసింది. ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్విందట. చేరాక అదే మొదటిసారి. అందరూ పని ఆపేసి ఆవిడ్నే చూస్తూ ఉండిపోయారట. మీరూ చూశారు. చూసి ఏం చేశారు? జేబులోంచి ఫోను తీశారు.

ఆ ఏరేవాళ్ళందరూ, పోనీ పాపం, ఇన్నాళ్ళకి నవ్వింది అనుకున్నారు. మీకు ఆ నవ్వులో అమ్మకం కనిపించింది.

ఫోటో తిన్నగా ప్రెస్సుకి వెళ్ళింది. నేను గీసిన చేతులు పోయి ఆవిడ మొహం వచ్చింది. పైన "ఈ అమ్మ ఏరింది, మీరు తినండి" అని మీ కవిత్వం ఒకటి. కింద, ఆ గడ్డానికి ఆనుకుని, లావుపాటి అక్షరాల్లో మన షెడ్డు పేరు, రోడ్డు పేరు, ఫోను నంబరు. వెనక ఉండాల్సిన అడ్రసు ముందుకి ఎందుకొచ్చిందని ప్రెస్సులో అడిగాను. వెనక చోటు లేదన్నారు. అక్కడ మీరు రసం తీసే విధానం రాయించారట. కమలాపండు రసం తియ్యడం ఎవడికి తెలీదు మావయ్యా?

తప్పిపోయినవాళ్ళ కోసం గోడలకి కాయితాలు అంటిస్తారే, వాటి మీద కూడా మనిషి ఎక్కడుందో రాయరు. మనం అదీ రాశాం. రాసి, తాడు కట్టి, ప్రతి కొట్లోనూ వేలాడదీశాం.

నేను తిరిగొచ్చేసరికే లారీలు వెళ్ళిపోయాయి. నా మీద నాకూ కోపముందిలెండి. లేబులు చేతికి రాగానే నేను మొదట దేని గురించి పోట్లాడాను? ఫోటో మసగ్గా ఉంది, రంగు ఎక్కువై ఆవిడకి కామెర్లొచ్చినట్టుంది అని. ఆ కళంతా అయ్యాక గానీ కింద అడ్రసు కనపడలేదు నాకు. సరుకు వెనక్కి తెప్పించమన్నాను. "కొట్లకెక్కింది వెనక్కొస్తుందే పిచ్చిదానా? ఉన్నవి అయిపోనీ, అప్పుడు మారుద్దాం" అన్నారు.

ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. మీకు అంతా చెప్పేస్తాను, ఒట్టు తీసి గట్టు మీద పెట్టమన్నాను. లేబులు చూసింది. తర్వాత నాకే ధైర్యం చెప్పింది. "పోనీలేమ్మా. వాడు ఇంటికి పళ్ళు కొనే మనిషి కాదు."

నిజమే. కొన్లేదు. రసం కొట్టువాడెవడో, అమ్మాయి బాగా నవ్వుతోందని, ఆ లేబులు తెంచి గోడకి తగిలించుకున్నాడు. ఆవిడ మొగుడు అక్కడికి సిగరెట్టుకి వెళ్ళాడు. నిన్న మన గేటు దగ్గర వాచ్‌మన్‌తో గొప్పగా చెప్పాట్ట, ఎంత తేలిగ్గా దొరికిందో.

ఆ వాచ్‌మన్ని తిడుతున్నారు మీరు పొద్దున్నుంచి. ఆయన్నెందుకు తిట్టడం? ఆయనకి మీరు నేర్పిందేంటి? సంచిలో కుళ్ళు పళ్ళొచ్చాయని ఎవరైనా లేబులు పట్టుకొస్తే గేటు దగ్గర ఆపకు, పేరు అడక్కు, మర్యాదగా లోపలికి తీసుకెళ్ళి కొత్త సంచి ఇప్పించు అని. ఇన్నేళ్ళుగా అదే చేస్తున్నాడు. వీడు లేబులు చూపించాడు. "సరుకు బాలేదా బాబూ?" అన్నాడు పాపం. "ఈ బొమ్మలో ఉన్నది నా పెళ్ళాం" అన్నాడు వీడు. ఓహో, హెడ్మాస్టరమ్మగారి భర్తగారా అని, తాగడానికి నీళ్ళిచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినంత పని చేశాడు. దొంగకి తాళాలిచ్చాం, దారి కూడా చూపించాం. ఇప్పుడా ముసలాయన గేటు దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు. వెళ్ళి చూడండి.

ఆవిడ వాణ్ణి చూసింది. అరవలేదు. చేతిలో పండు ఏ పెట్టెలో వెయ్యాలో ఆ పెట్టెలోనే వేసింది మావయ్యా. అప్పుడు వెనక్కి అడుగేసింది. వాడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. విరగ్గొట్టిన చెయ్యే. మిగతావాళ్ళు ఒక్కసారిగా లేచారు. పెద్దావిడ లేదూ, ఆ మోకాళ్ళ నొప్పులావిడ, ఒక పెట్టెడు పళ్ళు వాడి కాళ్ళ కింద గుమ్మరించింది. వాడు దభీమని పడ్డాడు. ఇంకో ఇద్దరు వాడి మీద ఖాళీ సంచులు కప్పి అదిమిపెట్టారు. ఈలోపు నేను ఆవిణ్ణి చల్లగదిలోంచి వెనక తలుపు దాటించాను.

అప్పుడు మీరెక్కడున్నారు? ఈ అద్దం వెనక. నేను చూశాను. లేచి నిలబడ్డారు, తలుపు దాకా వచ్చారు, మళ్ళీ కూర్చున్నారు. తర్వాత ఏమన్నారు? "మొగుడూ పెళ్ళాల గొడవ, మధ్యలో మనమెందుకు?" మనమెందుకా? వాణ్ణి పిలిచిందే మనం. అడ్రసు ఇచ్చి మరీ పిలిచాం. సంచుల కిందనుంచి లేచి వాడు పోతూ పోతూ చెప్పాట్ట కూడా, ఈ దారి ఇప్పుడు తెలుసుగా, మళ్ళీ వస్తానని.

మళ్ళీ ఆ ఫోను తీస్తున్నారేం? అక్కడే పెట్టండి.

ఎక్కడుందంటారా? చెప్పను. ఈ ఊళ్ళో లేదు, అంతవరకే. మీరు చెడ్డవారని కాదు. ఈ ఉద్యోగం ఇచ్చింది మీరు, నాన్న పోయాక మా ఇంట్లో దీపం పెట్టింది మీరు, అవన్నీ నేను మర్చిపోలేదు. కానీ మీకు అడ్రసు తెలిస్తే అచ్చువేయిస్తారు.

ఇప్పుడు అడగండి లేబుళ్ళు. గోడౌన్‌లో కట్టలు కట్టలు ఉండాలి కదా? లేవు. తొడిమలు కత్తిరించే కత్తెరలు ఉన్నాయి కదా మనకి, మంచి పదునువి. పొద్దున్న ఏరేవాళ్ళందరూ బెల్టు దగ్గర కాదు, గోడౌన్‌లో కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఒక్కొక్క కట్టా విప్పి కత్తిరించాం. మొదట్లో ఎవరికీ చేతులు రాలేదు. ఆ నవ్వే మొహం మీద కత్తెర పెట్టడమంటే మాటలా? పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూనే కత్తిరించింది. ముక్కలన్నీ గోనెసంచుల్లో వెనకాల ఉన్నాయి, కావాలంటే అతికించుకోండి.

నన్ను తీసేస్తారా? తీసెయ్యండి. మీ అక్కకి మీరే చెప్పుకోండి, నాకు ఆ ఓపిక లేదు. వాళ్ళని మాత్రం ఒక్క మాట అనకండి, అందర్నీ కూర్చోబెట్టింది నేనే. కొట్లలో వేలాడుతున్నవి వేలాడుతూనే ఉంటాయి, వాటికి నా కత్తెర అందదు. ఎన్ని ఊళ్ళకి పోయాయో, ఏ గోడకి ఎన్ని ఎక్కాయో. ఇక ఏ ఊళ్ళో పనికి చేరినా ఆవిడ ముందు పళ్ళ కొట్టు వైపు చూసి గానీ రోడ్డు దాటదు. అది మనం చేసిన పనే. దానికి ఏ క్షమాపణా లేదు, చెప్పకండి కూడా.

ఇంకో సంగతుంది. అదీ చెప్పేస్తాను. అన్నీ కత్తిరించామన్నాను కదా, ఒకటి కాదు.

నిన్న బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడే అడిగింది. "అమ్మా, ఆ లేబులొకటి ఉందా నీ దగ్గర?" చింపెయ్యడానికి అడుగుతోంది అనుకున్నాను. నా సంచిలో ఒకటుంది, తీసిచ్చాను. రెండు చేతులా పట్టుకుని చూసుకుంది. "నేను నవ్వితే ఇలా ఉంటానా?" అంది. చిన్నప్పట్నుంచీ ఎవరూ తనకి విడిగా ఒక్క ఫోటో తియ్యలేదట మావయ్యా. ఉన్నది పెళ్ళిదొక్కటి, అందులో తల వంచుకునుందట.

దాచుకోవచ్చా అని నన్ను అడిగింది. తన మొహం, నన్నడిగింది.

నా సంచిలో ఉన్న కత్తెరతో పైన మీ కవిత్వం తీసేశాను. కింద అడ్రసు తీసేశాను. మిగిలింది ఆవిడ చేతిలో పెట్టాను.