అమ్మ పక్కకి జరిపిన కుర్చీ

ముందురోజు తన గదిలో తల్లినీ ఇద్దరు కూతుళ్ళనీ కూర్చోబెట్టి కౌన్సెలర్ మాట్లాడించింది. ఈ రోజు చిన్నకూతురు ఒక్కతే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరూ అటే వెళ్ళిపోయారు కదా మేడం!"

"ఎటు?"

"అమ్మ ఏడవగానే కుర్చీ జరుపుకుని ఆవిడ పక్కకి చేరారు. మా అక్క చేసేదీ అదే."

"చూడమ్మా, మీ అక్క మీదున్న కోపం నా మీద చూపిస్తున్నావు. ఇంట్లోవాళ్ళని మాలో చూసుకోవడం ఇక్కడ మామూలే."

"అక్క మీద కోపం అక్క మీదే ఉంది, బోలెడంత. ఇది మీ వాటా."

"పెద్దావిడ అలా ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను."

"మా ఇంట్లోనూ ఎవరూ ఊరుకోలేరు. నేనేదో అడుగుతాను, అమ్మ ఏడుస్తుంది, అందరూ అటు పరిగెడతారు. నా మాట గాల్లో కలిసిపోతుంది. ఇక్కడైనా అలా జరగదనేగా వాళ్ళని బతిమాలి తీసుకొచ్చాను!"

"నీ మాట నేను వదిలెయ్యలేదు."

"అయితే చెప్పండి. నిన్న అమ్మ ఏడ్చేముందు నేనేం అడిగాను?"

కౌన్సెలర్ నోరు తెరిచింది. తల్లి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవడం గుర్తుంది, తను అందించిన మంచినీళ్ళ గ్లాసు గుర్తుంది. ఆ ప్రశ్న మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

"గుర్తు లేదమ్మా. తప్పు నాదే. మళ్ళీ అడుగు, ఈసారి నేను కదలను."

ఆ పిల్ల బ్యాగు భుజాన వేసుకుంది.

"అక్క కూడా ప్రతిసారీ ఇలాగే అంటుంది మేడం."